మొదటి జేబు

“ఆ వీడియో మీరు ఇంతవరకూ చూడలేదా?” అన్నాడు డిటెక్టివ్.

“లేదండీ.”

“ఒక్కసారి కూడా?”

“లోకమంతా చూసింది కదండీ. నేనొక్కదాన్నీ చూడకపోతే ఎవరికేం లోటు?” అంది లెక్కల టీచర్.

మాట కరుకుగానే వచ్చింది గానీ, చేతిలోని సుద్దముక్కని ఆమె విరుస్తూనే ఉంది. ఆ వీడియో బయటపడ్డాక ఆమె తన క్లాసురూములో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. అది కూడా పిల్లలందరూ భోజనానికి వెళ్ళాక, వెనక గేటు నుంచి, మొహానికి మాస్కు పెట్టుకుని వచ్చింది. భుజాన ఉన్న సంచీలో రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది. మూడింటికి స్కూలు కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు పొమ్మనేలోపు తనే పోతానంటోంది.

డిటెక్టివ్ తొందరపడలేదు. తొందరపడటం ఆయన జాతకంలోనే లేదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఆయన్ని చాటుగా నత్త అంటారు. ఒక గదిలోకి వెళ్ళాడంటే ఆ గదిలో ఉన్నవాళ్ళకి విసుగొచ్చి నిజం చెప్పేస్తారని ఎగతాళి చేస్తారు. ఆ పేరు ఆయనకి తెలియదని వాళ్ళ నమ్మకం. తెలుసు, పైగా కాస్త ముచ్చటగా కూడా ఉంటుంది.

ఈ కేసు తెచ్చిన మనిషి టీచర్ అత్తగారు. పొద్దున్నే ఆఫీసు తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది.

“మా కోడలు తప్పు చెయ్యలేదు. చేసుంటే నాకు తెలిసేది, నా కళ్ళు కప్పడం దానివల్ల కాదు,” అని మొదలుపెట్టింది. ఎవరో పేరు లేని పేజీలో ఆ వీడియోతో పాటు టీచర్ సొంత ఫోటోలు కూడా పెట్టారు. అందులో ఒకటి వంటింట్లో తీసింది. అత్తాకోడళ్ళిద్దరూ తలకి నూనె పట్టించుకుని, నైటీల్లో, చెరో గరిటె పట్టుకుని డాన్సు చేస్తున్నారు. “నా పరువు గురించి నువ్వేం బెంగపెట్టుకోకు నాయనా, నేను బాగానే ఆడాను. దాన్ని మాత్రం మళ్ళీ బడికి పంపించు,” అని చెప్పి లేచి వెళ్ళిపోయింది.

“వీడియోలో మాటలు చదువుతాను,” అన్నాడు డిటెక్టివ్. “‘నువ్వు దేనికీ పనికిరావు. ఈ జన్మలో నీకు లెక్కలు రావు. పుస్తకం మూసేసి పడుకో.’ ఇవి మీరన్నవేనా?”

“అన్నాను.”

“ఎవర్ని?”

“ఎవర్నీ కాదండీ.” ఆమె సుద్దముక్కలు బల్ల మీద పడేసింది. “పరీక్షల ముందు ప్రతి ఏడూ ఇదే పాఠం చెప్తాను. కష్టమైన లెక్క చూడగానే లోపల ఒకాయన కూర్చుని నువ్వు పనికిరావు, నీకు రాదు అని చెవిలో జోరీగలా సతాయిస్తాడు కదా? ఆయనకి భయంగారని పేరు పెట్టాం. నేను గొంతు మార్చి భయంగారిలా మాట్లాడతాను. పిల్లలు ఆయనకి సమాధానం చెప్పాలి. మొదట నవ్వుతారు, తర్వాత నిజంగానే దెబ్బలాడతారు. ఆ రోజు కునుకు లేచి నిలబడి, ‘భయంగారూ, పుస్తకం మూసుకుని మీరే దయచేయండి’ అన్నాడు. క్లాసంతా ఒకటే చప్పట్లు.”

“కునుకు ఎవరు?”

“ఆఖరి బెంచీ కుర్రాడు. పొద్దున్న పూట కునికిపాట్లు పడతాడని పిల్లలే పెట్టారు. ఇప్పుడు వీడియో తీసింది వాడే అంటున్నారు, టీసీ ఇచ్చి పంపించేస్తారట.” ఆమె ఆఖరి బెంచీ వైపు చూసింది. “వాడు అలాంటివాడు కాదు. కానీ వాడు కాకపోతే ఇంకొకళ్ళు, అంతే కదా? ఈ క్లాసులో నలభై మంది. వాళ్ళలో ఎవరో ఒకళ్ళు తీశారు. రేపు బోర్డు వైపు తిరిగానంటే నా వీపు మీద ఫోన్ ఉన్నట్టే ఉంటుందండీ. అలా పాఠం చెప్పలేను. నాకు చేతకాదు.”

డిటెక్టివ్‌కి కేసు అక్కడ అర్థమైంది. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. ఈమెకి పోయింది పిల్లల మీద నమ్మకం, అది తిరిగి రాకపోతే కమిటీ క్షమాపణ చెప్పినా ఈమె ఈ గదిలోకి రాదు.

“క్లాసులో పిల్లల దగ్గర ఫోన్లు ఉంటాయా?”

“ఉండవు. అదిగో, అందులో పెట్టాలి.”

కిటికీ పక్క గోడకి, భుజమెత్తున ఒక పెద్ద గుడ్డ వేలాడుతోంది. దాని నిండా లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ జేబులు, ఒక్కోదానికి ఒక్కో అంకె. పిల్లలు లోపలికి రాగానే ఎవరి ఫోన్ వాళ్ళ జేబులో పెట్టాలి. పైవరసలో మొదటి జేబుకి అంకె లేదు. దాని మూలన పసుపుపచ్చ నక్షత్రం స్టిక్కరు అంటించి ఉంది.

“ఇదెవరిది?”

“నాది. అందరికంటే ముందు నా ఫోన్ పెడతాను. మీవి మాత్రమే లాక్కుంటే దౌర్జన్యం, నాది కూడా పెడితే ఒప్పందం అని మొదటి రోజే చెప్పాను. వాళ్ళకి నచ్చి ఆ నక్షత్రం అంటించారు.”

“మీకు ఇక్కడ ఎవరితోనైనా పేచీ ఉందా?”

“పేచీ అంటే...” కాసేపు నీళ్ళు నమిలింది. “పాఠాల యాప్ వచ్చినప్పుడు మీటింగులో అడ్డం తిరిగాను. పాఠాలకి స్కూలు వేరే ఫోన్ ఇవ్వాలి, మా సొంత ఫోన్లలో పెట్టకూడదు అన్నాను. వైస్ ప్రిన్సిపాల్ గారు నొచ్చుకున్నారు, ఆ యాప్ తెచ్చింది ఆయనే. కానీ చాలా మంచివారండీ. తర్వాత ఆయనే అందరి ఫోన్లూ తీసుకుని, ఓపిగ్గా ఒక్కొక్కటీ సెట్ చేసి ఇచ్చారు. ఈ వీడియోని మొదట చూసి ప్రిన్సిపాల్ గారికి చెప్పింది కూడా ఆయనే.”

డిటెక్టివ్ తలూపి, లేచి వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాడు. చేతిలోని ఫోన్లో ఆ వీడియోని ఒక చోట ఆపి, బొమ్మని చూశాడు, బోర్డుని చూశాడు, పక్కకి జరిగాడు. మళ్ళీ బొమ్మ, మళ్ళీ బోర్డు. ఆ తర్వాత రెండో బెంచీ. ఆయన మూడో వరసకి చేరేసరికి టీచర్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

“గురువుగారికి మళ్ళీ బళ్ళో చేరాలని మనసైందా?” అంటూ ఒక యువకుడు లోపలికి వచ్చాడు. అతని వెనకే ప్రిన్సిపాల్ వచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషి, కళ్ళ కింద వారం రోజుల నిద్రలేమి కనిపిస్తోంది.

ఆ యువకుడు ఒకప్పుడు డిటెక్టివ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇక్కడుంటే నాకూ బూజు పడుతుందని చెప్పి వెళ్ళిపోయి, కంప్యూటర్ నేరాల నిపుణుడిగా సొంత దుకాణం పెట్టాడు. పొద్దున్న తీసుకున్న కేసు సాయంత్రానికి తేల్చేస్తాడు కాబట్టి అందరూ అతన్ని మెరుపు అంటారు. ఈ పేరు మాత్రం చాటుగా కాదు, అతని విజిటింగ్ కార్డు మీదే ఉంటుంది. స్కూలు తరఫున అతన్ని పిలిపించింది వైస్ ప్రిన్సిపాల్.

“కేసు నిన్ననే ముగిసింది,” అన్నాడు మెరుపు. “వీడియో క్లాసు గ్రూపులోకి మొదట వచ్చింది కునుకు ఫోన్ నుంచే. టైము చూశాను.”

“దాని కింద వాడేం రాశాడో చూశావా?”

“టైము చాలు కదా.”

“ఆ గ్రూపులోని ఒకమ్మాయి నాకు పంపింది, చదువుతా విను. ‘ఒక పేజీలో కనపడింది. ముందు ముక్క కోసేశారు. మేడమ్ అలా అనలేదు. ఎవడ్రా ఈ పని చేసింది?’ దొంగతనం చేసినవాడు వీధిలో నిలబడి దొంగా దొంగా అని అరుస్తాడా?”

“తెలివైనవాడైతే అరుస్తాడు.”

“పొద్దున్న పీరియడ్ అంతా నిద్రపోయేవాడికి నువ్వు మరీ ఎక్కువ తెలివి అంటగడుతున్నావయ్యా.”

ప్రిన్సిపాల్‌కి నవ్వు రాబోయి ఆగింది. మెరుపు మొహం ఎర్రబడింది.

“సరే, ఆఖరి బెంచీలో కూర్చో,” అన్నాడు డిటెక్టివ్. “కూర్చున్నావా? వీడియోలో మేడమ్ భుజం పక్కన ఏం కనిపిస్తోంది?”

“ఫ్యాన్ స్విచ్‌బోర్డు.”

“అక్కడి నుంచి అది నీకు కనిపిస్తోందా?”

మెరుపు మెడ సాచాడు. బోర్డు పక్కన ఒక ఇనుప అల్మారా ఉంది. స్విచ్‌బోర్డు దాని వెనక ఉంది. అతను పక్క బెంచీకి మారాడు, ముందు బెంచీకి మారాడు, చివరికి లేచి నిలబడి చూశాడు. ఎటు చూసినా అల్మారా ఒంటి స్తంభంలా అడ్డంగానే నిలబడి ఉంది.

“అల్మారాని ఈ వారంలో జరిపుంటారు,” అన్నాడు.

“నేను ఈ స్కూల్లో చేరినప్పటి నుంచీ అది అక్కడే ఉంది బాబూ,” అంది ప్రిన్సిపాల్. “కదిలిద్దామంటే నలుగురు మనుషులు కావాలి.”

“మరి ఎక్కడి నుంచి తీశారు?”

డిటెక్టివ్ నింపాదిగా నడిచి వెళ్ళి జేబుల గుడ్డ పక్కన నిలబడ్డాడు. “ఇక్కడి నుంచి చూడు.”

అక్కడి నుంచి బోర్డు, బల్ల, అల్మారా వెనకున్న స్విచ్‌బోర్డు, అన్నీ వీడియోలో ఉన్నట్టే కనిపిస్తున్నాయి.

మెరుపు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. “అయితే కునుకు ముందే రికార్డు నొక్కి ఫోన్ని జేబులో పెట్టాడు! వాడి జేబు ఏది?”

“మళ్ళీ పప్పులో కాలేశావు. వీడియోలో కింది మూలన మసగ్గా ఒక పసుపు మచ్చ ఉంది. దాన్నేమని రాశావు నీ రిపోర్టులో?”

“లైటు మరక అని.”

“లైటు కాదది. కెమెరా ముందు ప్లాస్టిక్ మీద ఏదో అంటించి ఉంది. ఇన్ని జేబుల్లో పసుపురంగు ఏమైనా ఉన్న జేబు ఒక్కటే ఉంది.”

అందరి కళ్ళూ నక్షత్రం మీద పడ్డాయి. తర్వాత టీచర్ మీద పడ్డాయి.

“అది నా జేబు,” అంది. “కాలు విరిగి ఒకమ్మాయి ఇంట్లో ఉంది. తనకోసం నా ఫోన్లో పాఠం రికార్డు చేస్తూ అందులో పెట్టేదాన్ని, అయ్యాక యాప్‌లో ఎక్కించేదాన్ని. ఫోన్ నిండిపోకుండా ఎక్కించగానే తీసేయమన్నారని తీసేసేదాన్ని. అంటే ఆ వీడియో... నా ఫోనే తీసిందా?”

“మీ అత్తగారు చెబితే పొద్దున్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ ఒక్క పాఠం ఇప్పుడు యాప్‌లో కనపడటం లేదంది. అవునమ్మా, మీ ఫోనే.”

“అంటే పిల్లలు కాదా?”

“కాదు.”

“ఒక్కళ్ళు కూడా?”

“ఒక్కళ్ళు కూడా కాదమ్మా.”

ఆమె ముందు బెంచీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ తనని చూసి నవ్వుతున్న నలభై మొహాలు ఊహించుకుని కుమిలిపోయిన మనిషి, ఆ మొహాలు ఒక్కసారిగా మళ్ళీ తన పిల్లల మొహాలైపోయేసరికి ఆ సంతోషానికి తట్టుకోలేకపోయింది. ప్రిన్సిపాల్ పక్కన కూర్చుని వీపు నిమిరింది. మెరుపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఏడుపు తర్వాతమ్మా,” అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. “వీడియో యాప్‌లో ఎక్కింది, సరే. వంటింటి ఫోటో మీరెవరికైనా పంపారా?”

“లేదు. మావారు నా ఫోన్లోనే తీశారు. ఎవరికీ పంపలేదు.”

“అయితే అది తనంతట తానే వెళ్ళింది. యాప్ పెట్టినప్పుడు ఫోన్లో ఇంకేమైనా చేరిందా?”

“స్కూలు అకౌంటు ఒకటి పెట్టారు. పాఠాల కోసమని చెప్పారు. నేనెప్పుడూ తెరిచి చూడలేదు.”

“ఇప్పుడు తెరవండి.”

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. నలుగురూ దాని మీదకి వంగారు. స్కూలు అకౌంటు తెరుచుకోగానే చిన్న చిన్న బొమ్మలు వరసగా వచ్చాయి. ఆమె పాఠాలున్నాయి. ఆమె వంటిల్లుంది. ఆ తర్వాత ఆమెవి కాని బొమ్మలు కనిపించాయి. సైన్సు మాస్టారు ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉన్నాడు. పీఈటీ టీచర్ అద్దం ముందు కొత్త బట్టలు చూసుకుంటోంది. ఎవరిదో మందుల చీటీ. ఆ కింద టబ్బులో ఒంటిమీద నూలుపోగు లేకుండా నవ్వుతున్న ఒక పసివాడు.

“వీడు మా మనవడు!” అంది ప్రిన్సిపాల్. “స్నానం చేయిస్తూ నేను తీశాను. నా ఫోన్లో ఉండాల్సింది ఈ అమ్మాయి ఫోన్లో ఎందుకుంది?”

మెరుపే నోరు విప్పాడు, అతని గొంతులో వెనకటి ధాటి లేదు.

“మీ టీచర్లందరి ఫోన్లలోనూ ఒకటే అకౌంటు పెట్టారు మేడమ్. మీరు తీసే ప్రతి ఫోటో మీకు తెలియకుండానే అక్కడికి చేరుతుంది. ఇన్నాళ్ళూ పిల్లల ఫోన్లకి భయపడ్డారు. అసలు బొక్కసం తలుపు మీ ఫోన్లవైపే తెరిచి ఉంది.” అతను డిటెక్టివ్ వైపు తిరిగాడు. “ఇది నేను మొదటి రోజే చూడాల్సింది గురువుగారూ.”

“ఇప్పుడు చూశావుగా. అసలు వీడియో ఉందేమో వెతుకు.”

మెరుపు వేళ్ళు పరుగెత్తాయి. భయంగారి పాఠం దొరికింది. యాప్‌లోంచి తీసేసినవాడు అకౌంటులోంచి తీయడం మరిచాడు. వీడియోలో టీచర్ నవ్వుతూ చెబుతోంది: “ఇప్పుడు నేను మేడమ్‌ని కాదు, భయంగారిని. నా మాట నమ్మినవాళ్ళు ఓడిపోయినట్టు. సిద్ధమేనా?” సిద్ధమే అని నలభై గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

“చాలు!” అంది ప్రిన్సిపాల్. “కమిటీకి ఇది చాలు. అమ్మాయ్, రాజీనామా కాగితం రాశానని పొద్దున్న ఫోన్లో అన్నావు, ఇలా ఇయ్యి, చింపేస్తాను.”

టీచర్ సంచీలో చెయ్యి పెట్టబోతుండగా మెరుపు కెవ్వుమన్నాడు.

“పోతున్నాయి! బొమ్మలు పోతున్నాయి!”

తెర మీద మందుల చీటీ మాయమైంది. టబ్బులో పసివాడు మాయమయ్యాడు. పీఈటీ టీచర్ అద్దం ఖాళీ అయింది. అకౌంటు తెరిచిన కబురు అందినట్టుంది, ఎవరో ఎక్కడో కూర్చుని ఒక్కొక్క బొమ్మనీ చెరిపేస్తున్నారు, కింది నుంచి పైకి, భయంగారి పాఠం వైపు.

“నీ వేగం ఇప్పుడు కావాలి,” అన్నాడు డిటెక్టివ్. “కానియ్.”

మెరుపు పాఠాన్ని తన ఫోన్లోకి దింపడం మొదలుపెట్టాడు. అతని ఫోన్లో ఒక నీలం గీత సాగుతోంది, టీచర్ ఫోన్లో బొమ్మల వరస కుంచించుకుపోతోంది. గీత చివరిదాకా వచ్చి ఆగింది. ఆ మరుక్షణమే పాఠం అకౌంటులోంచి ఎగిరిపోయింది.

“దొరికింది,” అన్నాడు మెరుపు నుదురు తుడుచుకుంటూ. “మొత్తం నా దగ్గరుంది. చెరిపేది ఏ ఫోనో కూడా ఇక్కడ చూపిస్తోంది.” చదివి, తలెత్తి ప్రిన్సిపాల్ వైపు చూశాడు. “నన్ను పిలిపించిన ఆయనదే మేడమ్. వైస్ ప్రిన్సిపాల్ గారిది.”

ప్రిన్సిపాల్ నోటి మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో, ఆయన కునుకుని పైకి లైబ్రరీలోకి తీసుకెళ్ళాడు! తప్పు ఒప్పుకున్నట్టు కాగితం రాయించి, సంతకం పెట్టించుకుని మూడింటికి తెస్తానన్నాడు. నేనే సరేనన్నాను.”

“తోడు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. వాళ్ళమ్మకి ఇంకా కబురు కూడా చేయలేదు.”

ఆ రోజు ఆ వరండాలో ఉన్న పిల్లలు ఒక వింత చూశారు. నత్త పరుగెత్తింది. మెరుపు పక్కనే పరుగెత్తాడు. కానీ వాళ్ళిద్దరికంటే ముందు, మాస్కు లేకుండా, జుట్టు రేగిపోయి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ లెక్కల టీచర్ పరుగెత్తింది. దారిలో పిల్లలు “మేడమ్! మేడమ్ వచ్చారు!” అని కేకలు వేశారు. ఒకరిద్దరు అలవాటుగా ఫోన్లు పైకెత్తారు, మళ్ళీ ఏమనుకున్నారో దించేశారు. ఆమె అది చూసింది. చూసి కూడా ఆగలేదు.

లైబ్రరీ తలుపు తోసింది.

పొడుగు బల్లకి ఒకవైపు వైస్ ప్రిన్సిపాల్ చేతిలో ఫోన్తో కూర్చుని ఉన్నాడు. రెండోవైపు కునుకు ఉన్నాడు. పిల్లాడి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. ముందు తెల్లకాగితం, వేళ్ళ మధ్య పెన్ను. కాగితం మీద ఒక్క అక్షరం కూడా లేదు.

“రాయలేదు మేడమ్,” అన్నాడు వెక్కుతూ. “రాయకపోతే మా అమ్మని పిలిచి అందరి ముందూ నిలబెడతానన్నారు. నువ్వెందుకూ పనికిరావు, నీ మాట ఎవరు నమ్ముతారు అన్నారు. అచ్చం భయంగారిలా ఉందనిపించింది. అందుకే రాయలేదు.”

టీచర్ వెళ్ళి వాడి చేతిలోంచి పెన్ను తీసుకుంది. మెరుపు బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఫోన్ కోసం చెయ్యి చాపాడు. వైస్ ప్రిన్సిపాల్ గింజుకోలేదు, గొడవ చేయలేదు. ఫోన్ని బల్ల మీద పెట్టి, అదే ఓపికతో, అదే మర్యాదతో చిరునవ్వు నవ్వాడు.

“తీసుకోండి. కానీ ఆ అకౌంటు తాళం నా ఒక్కడి దగ్గరే ఉందనుకుంటున్నారా? మీ అందరి ఇళ్ళూ చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు టీచర్. వాళ్ళెవరో మీకెప్పటికీ తెలియదు. ఇక మీరు ఏ ముఖంతో క్లాసుకి వెళ్తారు?”

డిటెక్టివ్ ఆమె మొహం వైపే చూస్తున్నాడు. ఇంత పరుగెత్తి వచ్చిన మనిషి ఈ ఒక్క మాటకి కూలిపోతుందేమోనని ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

టీచర్ సంచీలోంచి రాజీనామా కాగితం తీసి, అప్పుడే వెనకనుంచి వచ్చి చేరిన ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది. “చింపేస్తానన్నారుగా, చింపండి,” అంది. తర్వాత వైస్ ప్రిన్సిపాల్ వైపు తిరిగింది.

“ఉంటే ఉండనివ్వండి సార్. వాళ్ళని పట్టుకోవడానికి వీళ్ళున్నారు. ఒకాయన ఆలస్యంగా వస్తాడు, ఒకాయన తొందరగా వస్తాడు, మొత్తానికి వస్తారు. నా ముఖమంటారా, అది నలభై మందికి బాగా తెలిసిన ముఖమే. రేపు మొదటి పీరియడ్ నాది.”

ఆ మాట అని, కునుకు భుజం మీద చెయ్యి వేసింది.

“రేపు నిద్రపోయావంటే చూడు,” అంది.